బెల్లం మీద నింద

మార్గళి నెల, ధనుర్మాసం. తమిళనాడు ధర్మపురిలో పొద్దెక్కుతున్నా మంచు ఇంకా విడలేదు. సుగన్య వాకిట్లో ముగ్గు పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికి వచ్చేసరికి ఇల్లు దద్దరిల్లిపోతోంది. అరుస్తున్నది ఒక్క మనిషే. లోకనాథన్‌కి బోరు మోటార్ల వైండింగ్ షాపు ఉంది. పొద్దంతా ఆ మోతలో మాట్లాడి మాట్లాడి ఇంట్లో కూడా అదే గొంతు వాడతాడు.

"చూడు సుగన్యా, నా గతి చూడు! సాక్సు వేసుకుందామని దివాన్ మీద కూచున్నాను. ప్యాంటు తడిసిపోయినాది."

ఆయన తన ప్యాంటు వెనక భాగం తానే చూసుకోవాలని మెడ తిప్పి గుండ్రంగా తిరుగుతున్నాడు. ఇంకో రోజయితే సుగన్య నవ్వేది. ఆ రోజు నవ్వలేదు.

పదకొండేళ్ళ నివేదిత నోట్లో బ్రష్షుతోనే పరుగెత్తుకొచ్చింది. టీవీ స్టాండు పక్కన గోధుమరంగు కుందేలు రెండు చెవులూ వీపుకి ఆనించుకొని నక్కి కూర్చుంది. దాని పేరు బెల్లం. రంగును బట్టి పెట్టిన పేరు. నివేదితకి తప్ప ఆ క్షణంలో అది ఎవరికీ తీపిగా లేదు.

"వాడు కాదప్పా! ఇప్పుడే కదా పెట్టెలో నించి వదిలినాను."

"వాడు కాకపోతే ఎవరు? నేనా? మీ అమ్మా? తాతా?"

చివరి మాటకి, తన గది గుమ్మంలో నిలబడి ఉన్న వెంకటేశప్ప చెయ్యి తలుపు చట్రాన్ని గట్టిగా పట్టుకుంది. డెబ్భై మూడేళ్ళ మనిషి. ఇప్పటికీ వీపు వంగలేదు. అప్పుడే మార్చుకున్న తెల్ల పంచె ఇస్త్రీ మడత కూడా చెదరలేదు.

"అది నాయన కూచునే జాగా. పెద్ద మనిషి కూచునే చోట ఇది ఉచ్చ పోస్తా ఉంటే చుమ్మా, ఊరికే చూస్తా ఉండాల్నా?" అన్నాడు లోకనాథన్.

కొడుకు తన తరఫున కోప్పడుతున్నాడు. ఇంతకంటే సిగ్గుచేటు ఇంకోటి ఉంటుందా అనిపించింది వెంకటేశప్పకి. ఎందుకంటే ఆ తడి బెల్లంది కాదు, ఆయనది. ఆ సంగతి తనకొక్కడికే తెలుసని ఆయన నమ్మకం.

సొంతూరు మహేంద్రమంగళంలో వెంకటేశప్ప అంటే ఒక లెక్క ఉండేది. పొలం తగాదా వచ్చినా, కాలువ నీళ్ళ వంతు తేలకపోయినా ఆయన నోట ఒక మాట వచ్చేదాకా జనం లేచేవాళ్ళు కాదు. భార్య సరసమ్మ పోయాక కొడుకు పట్టుబట్టి ధర్మపురికి తీసుకొచ్చాడు. రెండేళ్ళు బాగానే గడిచాయి. ఈ దీపావళి దగ్గర నుంచే ఒంటికి ఏమైందో, మాట వినడం మానేసింది. దగ్గితే తడి, కునుకు తీస్తే తడి, లేచి నాలుగడుగులు వేసేలోపు తడి. మొదటిసారి దివాన్ మీద అలా జరిగినప్పుడు చెప్పేద్దామనే నోరు తెరిచాడు. ఈలోపే లోకనాథన్ "ఈ కుందేలు చేసిన పని చూడండి" అన్నాడు. వెంకటేశప్ప తెరిచిన నోరు మూసుకున్నాడు. ఆయన అబద్ధం ఆడలేదు. ఆడకుండానే ఆ అబద్ధం ఇంట్లో ఒక బీరువాలా నిలబడిపోయింది, రోజూ దాన్ని తప్పుకొని నడవడం ఆయనకు అలవాటయిపోయింది.

"ఆదివారం దాకా చూస్తాను," అని లోకనాథన్ వేలు చూపించాడు. "ఇంట్లో ఇంకొక్క చోట తడి కనిపించిందంటే ఇండూరుకి ఫోన్ కొట్టేస్తాను. కన్నప్పన్ వచ్చి ఎత్తుకొని పోతాడు."

నివేదిత ముఖం పాలిపోయింది. దగ్గరలోని ఇండూరులో కన్నప్పన్ కుందేళ్ళని పెంచేది ముద్దు కోసం కాదు, మాంసానికి. అయిదు నెలల కిందట, ఆడి నెలలో నాన్నతో కలిసి ఆ షెడ్డుకి పోయినప్పుడు, తల్లి పాలు అందక మూల పడి ఉన్న పిల్లని చూసి ఒళ్ళో పెట్టుకొని ఇక దించలేదు. అక్కడికి తిరిగి పోవడమంటే ఏమిటో ఆ పిల్లకి విడమరిచి చెప్పక్కరలేదు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మామా కోడలూ ముఖాముఖి మాట్లాడుకోరు. కోపాలుండి కాదు, వాళ్ళ వైపు కుటుంబాల్లో తరాలుగా మర్యాద అంటే అదే. సుగన్య కాపురానికి వచ్చి పద్నాలుగేళ్ళు. మొదట్లో సరసమ్మ మధ్యలో ఉండేది. ఆమె తర్వాత ఆ ఉద్యోగం నివేదితకి వచ్చింది. "పాపా, తాత కాఫీ తాగుతాడేమో అడుగు" అని సుగన్య అంటే, అక్కడే రెండడుగుల దూరంలో ఉన్న తాత "తాగుతానని చెప్పు" అనేవాడు. పిల్ల స్కూలుకి పోతే మాత్రం చిక్కే. గోడకో గిన్నెకో చెప్పుకోవలసి వచ్చేది. బెల్లం వచ్చి ఆ చిక్కు తీర్చింది.

"బెల్లం, ఇడ్లీ పెట్టినాను, తాతని రమ్మను."

"ఆకలి లేదు, రెండు చాలని చెప్పు బెల్లం."

బెల్లం ముక్కు ఆడిస్తూ ఇద్దరి మధ్యా కూర్చొని వినేది. ఒక మాట ఎక్కువ చెయ్యదు, ఒక మాట తక్కువ చెయ్యదు. అలాంటి మధ్యవర్తి ఊళ్ళో మనుషుల్లో కూడా దొరకడు.

ఆ రోజు లోకనాథన్ షాపుకీ, నివేదిత స్కూలుకీ వెళ్ళాక సుగన్య దివాన్ దగ్గరికి వచ్చి తలొంచుకొని నిలబడింది.

"బెల్లం, దివాన్ గుడ్డ మార్చాల. తాతని ఒక్క నిమిషం లేవమను."

దివాన్ కొసన పొడి చోట కూర్చున్న వెంకటేశప్ప లేచి, వెనక్కి చూడకుండా తన గదిలోకి పోయాడు.

అలాగని బెల్లం మాత్రం తక్కువది కాదు. నాలుగు నెలల వయసు దాకా బుద్ధిగా తన ట్రేలోనే పోసేది. ఆ తర్వాత ఏం పుట్టిందో, బియ్యం డబ్బా పక్కన ఒకసారి, టీవీ స్టాండు మూలన రోజుకు రెండుసార్లు, నడిచే దారిలో పెంటికలు చల్లుకుంటూ తిరగడం మొదలుపెట్టింది. సుగన్య శుభ్రం మనిషి. రోజూ పొద్దునే ట్రేని ఫినాయిల్ వేసి రుద్ది, మిద్దె మీద ఎండబెట్టి, కొత్త పేపరు పరిచి బాత్రూం పక్కన పెట్టేది. ఆమె ఎంత బాగా కడిగితే బెల్లం ఆ ట్రేకి అంత దూరం జరిగేది.

గడువు పెట్టిన సాయంత్రమే నివేదిత తల్లిని లాక్కొని పశువుల ఆసుపత్రికి పోయింది. అక్కడ చిన్న వయసు డాక్టరమ్మ కథంతా విని నవ్వింది.

"దాని బాత్రూంకి దారి మీరే రోజూ చెరిపేస్తున్నారమ్మా," అంది తమిళంలో. "దాని వాసన ఉంటేనే అది ఆ చోటుకి తిరిగి వస్తుంది. ఫినాయిల్ అసలు వద్దు. నీళ్ళతో కడిగినా, తడిసిన పాత గడ్డి కొంచెం అందులోనే వదలండి. అది ఏ మూల ఇష్టపడితే ట్రే ఆ మూలకే తీసుకుపోండి. తినే గడ్డి కూడా ట్రేకి ఆనించి పెట్టండి, కుందేలు తింటానే పోస్తుంది. వయసుకొచ్చిన మగది కాబట్టి అక్కడక్కడా గుర్తులు పెడుతుంది. తగ్గకపోతే ఆపరేషన్ ఉండనే ఉంది. ముందు ఇది చేసి చూడండి."

బెల్లానికి ఇష్టమైన మూల టీవీ స్టాండు మూల. అది ఈశాన్యం.

"ఈశాన్యంలో చెప్పు కూడా వదలము కదే," అని సుగన్య తల పట్టుకుంది.

"ప్లీజ్మా. ఆదివారం దాకానే."

సుగన్య దేవుడి పటాలకు దణ్ణం పెట్టి, ఇది మేం చేస్తున్న పని కాదు, మాతో చేయిస్తున్న పని అని మనసులో సంజాయిషీ చెప్పుకొని ట్రే అక్కడ పెట్టింది.

నివేదిత డాక్టరమ్మ చెప్పినదంతా తాత పక్కన కూర్చొని పాఠంలా ఒప్పజెప్పింది. "వాసనే వాడికి దారి తాతా. ఫినాయిల్ వేస్తే వాడికి దారి తెలీదు. పావం, ఇన్నాళ్ళు అందుకే తిట్లు తిన్నాడు."

"అట్లనా," అన్నాడు వెంకటేశప్ప. ఆ పిల్ల కళ్ళలోకి చూడలేక టీవీ వైపు చూశాడు.

గురువారం నేలంతా పొడిగా ఉంది. శుక్రవారమూ అంతే. బెల్లం గడ్డి నములుకుంటూ, గొప్ప పని చేస్తున్నట్టు కళ్ళు సగం మూసుకొని ట్రేలోనే పోసింది. నివేదిత చప్పట్లు కొట్టింది. లోకనాథన్ కూడా మీసం చాటున నవ్వి "సరి సరి, చూద్దాం" అన్నాడు.

ఇంట్లో అందరి గుండె తేలికవుతున్నకొద్దీ వెంకటేశప్ప గుండె బరువెక్కింది. కుందేలు బాగుపడితే ఆయనకు చాటు పోతుంది. ఇల్లంతా పొడిగా ఉండి దివాన్ ఒక్కటే తడిసి ఉంటే, ఎవరు అన్న ప్రశ్నకు ఒక్కటే జవాబు మిగులుతుంది. దివాన్ వైపు పోవడం మానేసి చెక్క కుర్చీలో కూర్చోవడం మొదలుపెట్టాడు. మంచినీళ్ళు రెండు గుక్కలతో సరిపెట్టాడు. కాఫీ సగం గ్లాసు వదిలేశాడు. పరీక్షలు దగ్గరపడిన పిల్లాడికి కూడా అంత భయం ఉండదు.

శనివారం మధ్యాహ్నం సుగన్య మిద్దె మీద రాగులు ఎండబోస్తోంది. నివేదితకి స్కూల్లో స్పెషల్ క్లాసు. చెక్క కుర్చీలో వీపు నొప్పెట్టి, అయిదు నిమిషాలే కదా అని వెంకటేశప్ప దివాన్ మీద ఒరిగాడు. ఎండ కిటికీలోంచి కాళ్ళ మీద పడుతోంది, హాయిగా ఉంది. కన్ను మూత పడింది.

లేచేసరికి జరగవలసింది జరిగిపోయింది.

ఆయన నిలబడి ఇల్లంతా చూశాడు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నేల పొడి. బెల్లం తన ట్రేలోనే కాళ్ళు చాపి పడుకొని ఉంది. ఇంకో రెండు గంటల్లో కొడుకు వస్తాడు. ఊళ్ళో పదిమంది మధ్య తప్పు చేసినవాడిని నిలబెట్టి "నువ్వే చేసినావా, చెప్పు" అని అడిగిన మనిషి, ఇప్పుడు తననే ఎవరో అడగబోతున్నట్టు వీధి గుమ్మం వైపు చూశాడు. పంచె మార్చుకున్నాడు. బాత్రూంలో అలమర మీద ఫినాయిల్ బాటిల్ కనిపించింది.

ఆ తర్వాత చేసిన పని ఆయన ఆలోచించి చేశాడని చెప్పలేం. ఆలోచించలేదని కూడా చెప్పలేం. బెల్లాన్ని పక్కకి దించాడు. ట్రేలోని గడ్డీ పేపరూ చెత్తలో వేశాడు. ఫినాయిల్ పోసి రుద్దాడు. కొత్త పేపరు, కొత్త గడ్డి పరిచి అదే మూల పెట్టాడు. జీవితంలో ఎప్పుడూ ఒక గిన్నె కడగని చేతులు ఆ రోజు ఎంత శ్రద్ధగా కడిగాయో. బెల్లం వచ్చి వాసన చూసింది. ముక్కు చీదింది. వెనక్కి వెనక్కి జరిగి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆయన గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

స్కూలు నుంచి నివేదితని బైక్ మీద ఎక్కించుకొని లోకనాథన్ నాలుగున్నరకి వచ్చాడు. గడప దాటి మూడో అడుగు సాక్సుతో సహా తడిలో వేశాడు.

"సుగన్యా!"

ఆమె మిద్దె మీద నుంచి పరుగున దిగివచ్చింది. చాప మీద తడి. దివాన్ మీద తడి. దివాన్ కాళ్ళ చుట్టూ పెంటికలు. లోకనాథన్ అప్పటికే ఫోన్ తీసి కన్నప్పన్ నంబరు వెతుకుతున్నాడు.

"అప్పా, మూడు రోజులు బాగనే పోసినాడు కదప్పా! ఈ రోజు ఏమో అయినాది వాడికి," నివేదిత ఆయన చెయ్యి పట్టుకుంది.

"మాటంటే మాట పాపా. నేను ముందే చెప్పినాను."

"ఇంకో వారం చూడండి," అంది సుగన్య నెమ్మదిగా. "ఉతికేది నేను, తుడిచేది నేను. నాకు లేని కష్టం మీకేంది?"

"కష్టం నాకు కాదు. నాయన ముఖం చూసినావా నువ్వు? దీనికి భయపడి రెండు మూడు రోజులుగా చెక్క కుర్చీలో కూచుంటా ఉండాడు. ఆ మనిషి నోరు తెరిచి ఒకటి అడగడు. మనమే చూసుకోవాల. నా ఇంట్లో నాయనకి కూచునే చోటు లేకపోతే నేనుండి ఏం లాభం?"

ఆ మాటలు మూసిన తలుపు లోపలికి వినిపించాయి. వెంకటేశప్ప బయటికి వచ్చాడు. నివేదిత ఎదురుపోయింది.

"తాతా, నువ్వు చెప్పు. నువ్వు చెప్తే అప్ప వింటాడు. ఒక్క మాట చెప్పు తాతా."

"నేనేం చెప్పేది పాపా," అన్నాడు వెంకటేశప్ప.

ఆ పిల్ల ఏడవలేదు, వాదించలేదు. "సరి తాతా" అని మాత్రం అంది. పోయి బెల్లం పక్కన నేల మీద కూర్చొని దాని చెవుల మధ్య నిమిరింది. "నీ తప్పేం లేదురా. నేనే నీకు సరిగా నేర్పియ్యలేదు."

సుగన్య ట్రే దగ్గర వంగింది. వంగినది ఒక క్షణం అలాగే ఉండిపోయింది. ఆమె చూపు ట్రే మీద నుంచి దివాన్ మీదికి, దివాన్ మీద నుంచి మామ గది గుమ్మం వైపుకి పోయింది. "బెల్లం..." అని ఏదో చెప్పబోయి ఆగింది. గుడ్డ మార్చడానికి దివాన్ దగ్గరికి పోయింది.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి కన్నప్పన్ మోపెడ్ వెనక తీగ బుట్ట కట్టుకొని వచ్చాడు. ఆయనా తెలుగువాడే, మాట మెత్తన. కాఫీ వద్దన్నాడు. నివేదిత అప్పటికే తయారుగా ఉంది. బెల్లాన్ని గుండెకు ఆనించుకొని తెచ్చి బుట్టలో కూర్చోబెట్టింది. మళ్ళీ లోపలికి పోయి ట్రే పట్టుకొచ్చింది.

"అంకుల్, ఇది కూడా తీసుకోండి. వాడు ఇందులోనే పోస్తాడు. ఫినాయిల్ మాత్రం వెయ్యొద్దు. పాత గడ్డి కొంచెం వదలాల. లేకపోతే వాడికి ఎక్కడ పోవాల్నో తెలీదు. అప్పుడు మీరు కూడా వాడిని తిడతారు."

కన్నప్పన్ నేల వైపు చూశాడు. తన షెడ్డులో ట్రేల అవసరం ఎన్ని రోజులుంటుందో ఆయనకి తెలుసు.

ట్రే అందించబోతూ నివేదిత ఆగింది. ముఖం దగ్గరికి తెచ్చుకొని వాసన చూసింది.

"అమ్మా, ఫినాయిల్ వాసన వస్తా ఉండాది. నువ్వు కడిగినావా?"

సుగన్య కొంగు వేలికి చుట్టుకుంది.

"అవును పాపా. మరిచిపోయి కడిగేసినాను. నాదే తప్పు."

"అమ్మా! డాక్టర్ అంత చెప్పింది కదా! నీ వల్లే కదా వాడు..." నివేదితకి అప్పుడు ఏడుపొచ్చింది. నిన్నటి నుంచి పట్టి పెట్టుకున్నదంతా ఒక్కసారిగా వచ్చింది. తల్లి వైపు చూసిన ఆ చూపులో నమ్మి మోసపోయిన బాధ ఉంది. సుగన్య తలొంచుకొని ఆ చూపు భరించింది.

వాకిలి గట్టు మీద నిలబడి ఉన్న వెంకటేశప్ప అది చూశాడు. కుందేలు మీద నింద వేయడం ఒక ఎత్తు. అది నోరు లేని జీవం. ఈమె నోరుండి, నిజం తెలిసి, కన్నకూతురి కళ్ళలో దోషిగా నిలబడింది. తన కోసం.

"కన్నప్పా, నిలు. బుట్ట దించు," అన్నాడు.

తరువాత కోడలి వైపు తిరిగాడు. పద్నాలుగేళ్ళలో మొదటిసారి ఆమె ముఖంలోకి చూసి, మధ్యలో ఎవర్నీ పెట్టకుండా మాట్లాడాడు.

"నువ్వెందుకమ్మా అబద్ధం చెప్తావు? ట్రేలో ఫినాయిల్ పోసింది నేను."

లోకనాథన్‌కి అర్థం కాలేదు. "నువ్వా? నీకెందుకు నాయనా ఆ పని?"

"దివాన్ తడిపింది కూడా నేనే. నిన్న ఒక్క రోజు కాదు. దీపావళి నించి దివాన్ మీద మీరు చూసిన తడి అంతా నాదే. నాకు ఆగడం లేదు లోకూ. వచ్చేది తెలీడం లేదు. కుందేలు మీద పోతా ఉంటే పోనీలే అనుకున్నాను. అది బాగుపడితే నా సంగతి బయటపడుతుందని నిన్న దాన్ని చెడగొట్టినాను."

వీధిలో పాలవాడి గంట మోగింది. కన్నప్పన్ బయటి మనిషి. ఆయన ముందు, వాకిట్లో, తెల్ల పంచె కట్టుకొని నిలబడి వెంకటేశప్ప ఆ మాట చెప్పాడు. చెప్పాక కూడా ఆయన వీపు వంగలేదు. కళ్ళు మాత్రం ఎవరి వైపూ లేవలేదు.

కన్నప్పన్ బుట్ట మూత తీశాడు. బెల్లాన్ని ఎత్తి నివేదిత చేతుల్లో పెట్టాడు. "మా నాయన మంచాన పడి మూడేండ్లు ఉండె పెద్దాయనా. ఇందులో సిగ్గు పడేదానికి ఏముంది? నేను వస్తాను," అని మోపెడ్ తిప్పుకొని పోయాడు.

లోకనాథన్ మెట్టు మీద కూలబడ్డాడు. ఆయన గొంతు అంత చిన్నగా ఉండగలదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

"నాయనా... రోజూ ఆ కుందేలుని నోటికొచ్చినట్ల తిడతా ఉంటిని. కంపు అన్నాను, దరిద్రం అన్నాను. అవన్నీ నువ్వు నించొని విన్నావా?"

వెంకటేశప్ప తల ఊపాడు. లోకనాథన్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"మామా, నాకు తెలుసు," అంది సుగన్య. ఆమె కూడా మొదటిసారి సూటిగా ఆయనతోనే మాట్లాడింది. "మొదటి వారంలోనే తెలిసింది. బెల్లం పోసింది ఎండితే సున్నం మాదిరి తెల్లగా నిలుస్తుంది. దివాన్ మీది తడి అట్ల నిలవదు. తుడిచేదాన్ని నాకు తెలీకుండా ఎట్ల ఉంటుంది?"

"తెలిసి ఎందుకమ్మా చెప్పలేదు? వాడికైనా, నాకైనా?"

"మీకు ఎట్ల చెప్పేది మామా? మనం మాట్లాడుకునేది ఎక్కడ? పాపతో చెప్పి పంపే మాటా ఇది? ఈయనకి చెప్తే ఉడనే, ఆ నిమిషమే వచ్చి మిమ్మల్ని అడుగుతాడు. మీరు తలొంచుకోవాల్సి వస్తుంది. దాని కంటే కుందేలు తిట్లు తినేది మేలనుకున్నాను. నేనూ దాన్ని అడ్డం పెట్టుకున్నాను మామా. మీ ఒక్కరి తప్పు కాదు."

మర్యాద కోసం పెట్టుకున్న పద్ధతి ఎంత పని చేసిందో ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. రెండు నెలలుగా ఒకే కప్పు కింద, ఒకే నిజాన్ని ఇద్దరూ దాచుకొని, ఒకరి కోసం ఒకరు తప్పుకొని తిరిగారు. ఒక్క మాట అనుకొని ఉంటే ఎప్పుడో డాక్టరు దగ్గరికి పోయి ఉండేవాళ్ళు.

నివేదిత బెల్లాన్ని పట్టుకొని తాత ముందుకి వచ్చింది. చెంపల మీద తడి ఆరలేదు.

"వీడు ఇండూరు పోతే ఏమవుతాడో తెలిసే చేసినావా తాతా?"

పెద్దవాళ్ళు ఎవరూ అడగని ప్రశ్న అది. వెంకటేశప్ప తప్పించుకోలేదు.

"తెలిసే చేసినాను పాపా. నా పరువు గురించి తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు."

ఆ పిల్ల తన గదిలోకి పోయింది. మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే వచ్చి, తాతకి ఎదురుగా కాకుండా పక్కకి తిరిగి తింది. వెంకటేశప్ప అడగలేదు, బుజ్జగించలేదు. అంత తొందరగా పోయే తప్పు కాదని ఆయనకి తెలుసు.

సాయంత్రం నివేదిత ట్రే పట్టుకొని ఆయన గది గుమ్మంలో నిలబడింది.

"ఎన్నిసార్లు నీళ్ళు పోసి కడిగినా ఫినాయిల్ వాసన పోవడం లేదు. పాత గడ్డి నువ్వు పారేసినావు. ఇప్పుడు వాడికి దారి ఎట్ల తెలిసేది?"

"చెప్పు పాపా, ఏం చెయ్యాల్నో. నేనే చేస్తాను."

"ఇది వద్దు, వంటింట్లో పాత ట్రే ఒకటి ఉండాది, అది తీసుకుందాం. వాడు కింద పోసినప్పుడు పేపరుతో తుడిచి, ఆ పేపరు అందులో వెయ్యాల. పెంటికలు ఏరి అందులో వెయ్యాల. నెట్లో ఉండాది."

మహేంద్రమంగళం వెంకటేశప్ప పంచె మోకాళ్ళ దాకా ఎగగట్టి, బియ్యం డబ్బా పక్కన వంగి, పాత పేపరుతో కుందేలు తడి అద్ది, మనవరాలు తెచ్చిన ఆ ట్రేలో జాగ్రత్తగా పరిచాడు. పెంటికలు ఒక్కొక్కటీ ఏరాడు. సుగన్య నేను చేస్తానని ముందుకు వస్తే చేత్తోనే వద్దన్నాడు. బెల్లం వచ్చి వాసన చూసి, కాసేపు ఆలోచించి, ఒక్క గెంతులో ట్రేలో కూర్చుంది. నివేదిత తాత వైపు చూడకుండానే, ఆయన భుజానికి ఆనుకొని కూర్చుంది.

సోమవారం పొద్దున లోకనాథన్ షాపు తెరవలేదు. ముగ్గురూ ఆసుపత్రికి పోయారు. టోకెన్ పిలిచినప్పుడు తండ్రీ కొడుకులే లోపలికి పోయారు. సుగన్య అలవాటు ప్రకారం బయట బెంచీ మీద కూర్చుంది.

డాక్టరు తమిళంలో అడిగాడు. "ఎన్నాళ్ళుగా ఇలా ఉంది?"

"నెల దాటి ఉంటుంది," అన్నాడు వెంకటేశప్ప.

"వారానికి ఎన్నిసార్లు?"

"ఒకటి, రెండు."

లోకనాథన్ తల ఊపాడు. ఎన్నిసార్లన్నది ఆయనకి తెలిసిందీ అంతే. డాక్టరు రాసుకోబోతుంటే వెంకటేశప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

"రాయొద్దు సార్. నేను సరిగా చెప్పడం లేదు. తెలిసిన మనిషి బయట ఉండాది."

కొడుకుని పంపలేదు. తానే లేచి తలుపు తీశాడు. "సుగన్యా, లోపలికి రామ్మా. నువ్వు చెప్పు."

ఆమె వచ్చి మామ పక్కన ఖాళీ కుర్చీ ముందు ఒక్క క్షణం తటపటాయించింది. ఆయన కుర్చీ జరిపాడు. కూర్చుంది.

"దీపావళి మరుసటి రోజు నించి డాక్టర్," అంది. "మొదట్లో రోజు విడిచి రోజు. కార్తీక దీపం అయినప్పటి నించి రోజూ. పొద్దున లేచినప్పుడు ఎక్కువ. ఆయన పంచె ఆయనే ఉతికి మిద్దె మీద ఆరేస్తాడు. సబ్బు పూర్తిగా పోదు, ఒళ్ళు ఒరుసుకొని పుండవుతుందని భయం నాకు. ఆయన పేపరు చదివేటప్పుడు నేను దించి మళ్ళా జాడించి, అదే తీగ మీద, ఆయన వేసినట్లే ఆరేస్తాను."

డాక్టరు రాసుకుంటున్నాడు. ప్రోస్టేటు పెరిగినట్టుంది, స్కాన్ తీసి చూద్దాం, చాలామందికి మాత్రలతోనే తగ్గుతుంది అంటున్నాడు. వెంకటేశప్పకి ఆ మాటలు దూరంగా వినిపించాయి. రెండు నెలలుగా తన పంచె తానే మచ్చ లేకుండా ఉతుక్కుంటున్నానని ఆయన అనుకున్నాడు. ఈ వయసులో ఒక పని నేర్చుకున్నానని లోలోపల కొంచెం గర్వపడ్డాడు కూడా.

ఆయన కళ్ళు నిండి చెంపల మీదికి జారాయి. తుడుచుకోలేదు, ముఖం తిప్పుకోలేదు. డాక్టరు తరువాతి ప్రశ్న అడిగాడు. దానికీ సుగన్యే జవాబు చెప్పింది.